చాప నేర్పిన పాఠం

మా మద్రసా వరండాలో ఒక పాత ఈతాకు చాప ఉంది. చిన్న పిల్లలు దానిమీద కూర్చుని ఖాయిదా చదువుకుంటారు. గత వర్షాకాలంలో ఒక యంత్రం ఆ చాపను చూసి, దానికి చెరకు తెగులు సోకిందని తీర్పు చెప్పింది. సందేహిస్తూ చెప్పలేదు, 98 శాతం నిశ్చయంతో చెప్పింది. చుట్టూ ఉన్న పిల్లలు పకపకా నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ యంత్రానికి పాఠం చెప్పిన వారిలో మేమూ ఒకరము. దాని మాటకు మా మాటను జోడించినందువల్ల ఒక రైతు సోదరుడు అప్పటికే విలువైన 3 వారాల కాలాన్ని పోగొట్టుకున్నాడు.

ఈ సంగతి నలుగురికీ చెప్పుకోదగినది కాదు. అయినప్పటికీ మన ఇళ్లలో పిల్లల చేతికి ఇటువంటి యంత్రాలు వస్తున్న ఈ కాలంలో, మేము చేసిన పొరపాటు మరొకరు చేయకుండా ఉండేందుకైనా దాచకుండా చెప్పడం మా బాధ్యత అని భావించి రాస్తున్నాము.

మేము నివసించే అనకాపల్లి బెల్లానికి పేరుపొందిన పట్టణం. ఊరి చుట్టూ, శారదా నది పరివాహకంలో చెరకు తోటలున్నాయి. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1913లో ప్రారంభమైనది. చెరకు మీద దాని కృషి రైతులందరికీ తెలిసినదే. మా మద్రసా పిల్లలలో చాలామంది తండ్రులు బెల్లం మార్కెట్టును, లారీలను, చిన్న దుకాణాలను నమ్ముకుని బతికేవారు. పొద్దున, సాయంత్రం మా వద్ద ఖుర్ఆన్ చదివి, పగలు ప్రభుత్వ పాఠశాలకు వెళ్తారు. వారిలో తొమ్మిదవ తరగతి చదివే ఒక పిల్లవాడు గత ఏడాది జూన్‌లో ఫజ్ర్ తరువాత మా ముందు చాలాసేపు నిలబడి, చివరకు గొంతు పెగుల్చుకుని అడిగాడు.

"హజ్రత్, చెరకు ఆకుల ఫొటోలు తీసుకోవచ్చా? తప్పవుతుందా?"

అతని భయానికి కారణం మేమే. చిత్రాల విషయంలో మేము కఠినంగా ఉంటామని పిల్లలందరికీ తెలుసు. మేము ఉత్తరాదిన ఒక దారుల్ ఉలూమ్‌లో చదువుకున్న రోజుల్లో మా గురువులు ప్రాణుల చిత్రాల పట్ల ఎంతో జాగ్రత్త వహించేవారు. కెమెరాతో తీసిన ఫొటో విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్న మాట నిజమే. అయినా గుర్తింపు కార్డులకు తప్ప మేము ఫొటో తీయించుకోలేదు. కానీ చెట్టూ చేమల విషయం వేరు. చిత్రాలు వేసి బతికే ఒక మనిషికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజియల్లాహు అన్హు) చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకోమని సలహా ఇచ్చిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. కావున ఆకుల ఫొటోలు తీసుకోవచ్చని చెప్పి, ఎందుకని అడిగాము.

పంట ఫొటో చూసి తెగులు పేరు చెప్పే ప్లాంటిక్స్ అనే యాప్ గురించి అతను పాఠశాలలో విన్నాడట. జర్మనీలో పుట్టిన ఆ యాప్‌ను 2017లో ఇక్రిశాట్, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయాల సహకారంతో తెలుగులోకి కూడా తెచ్చారు. అటువంటిదాన్ని మన ఊరి ఆకులతో మనమే తయారు చేసుకోగలమా అన్నది అతని కోరిక. అందుకు గూగుల్ వారి టీచబుల్ మెషీన్ అనే ఉచిత సాధనం ఉందనీ, అన్నయ్య ల్యాప్‌టాప్‌లో చేస్తాననీ చెప్పాడు.

పని జరిగే తీరు అతను చెప్పగా మాకు అర్థమైనంత వరకు ఇది. యంత్రానికి ఎవరూ సూత్రాలు చెప్పరు. ఒక కుప్పలో ఆరోగ్యమైన ఆకుల ఫొటోలు పెట్టి "ఇవి మంచివి" అంటాము. మరొక కుప్పలో తెగులు ఆకులు పెట్టి "ఇవి చెడ్డవి" అంటాము. ఈ రెండు కుప్పలకూ తేడా ఎక్కడున్నదో యంత్రమే వెతుక్కుంటుంది. గీతలను, రంగులను, ఆకారాలను పోల్చుకోవడం దానికి ముందే లక్షల చిత్రాలతో నేర్పి ఉంచుతారు కనుక, మనం ఇచ్చేవి కొద్ది ఫొటోలైనా చాలునట. ఇదంతా మన ల్యాప్‌టాప్‌లోనే జరుగుతుంది. మనంతట మనం పంపితే తప్ప ఫొటోలు బయటికి పోవు.

మేము అనుమతించడమే కాక, ఉత్సాహంతో చేయి కూడా కలిపాము. మద్రసా వెనుక దారిలో ఒక రైతు సోదరుని చెరకు తోట ఉంది. ఆయన హిందువు. ఏటా రంజాన్‌కు మా పిల్లల ఇఫ్తార్ కోసం ఒక బెల్లం దిమ్మ తెచ్చి వరండాలో పెట్టి, లెక్క అడగకుండా వెళ్లిపోయే మనిషి. ఆయన తోటలో పిల్లవాడు ఫజ్ర్ పాఠం తరువాత 120 మంచి ఆకుల ఫొటోలు తీశాడు. తెగులు ఆకులు ఆయన వద్ద లేవు. కొంత దూరంలోని మరొక తోటలో ఎర్రకుళ్ళు తెగులు వచ్చిందని తెలిసి, అక్కడి ఆకులు కోయించి తెప్పించాము. అస్ర్ నమాజు తరువాత వాటిని వరండాలో చాపమీద వరుసగా పరిచి మరో 120 ఫొటోలు తీశాము. కొన్ని ఆకులు తెగులువా, నీరు చాలక ఎండినవా అన్న అనుమానం కలిగింది. మగ్‌రిబ్ వేళ దగ్గర పడుతున్నది, పిల్లవాడు మా ముఖం వంక చూస్తున్నాడు. "ఇవీ తెగులువే, పెట్టు" అన్నాము. చెరకు గురించి మాకు ఏమి తెలుసునని ఆ మాట అన్నామో ఈ రోజుకూ మా వద్ద జవాబు లేదు.

యంత్రం నేర్చుకుంది. తనకిచ్చిన ఫొటోలలో కొన్నింటిని, సుమారు 15 శాతాన్ని, అది నేర్చుకోవడానికి వాడకుండా పరీక్ష కోసం పక్కన పెట్టుకుంటుంది. ఆ పరీక్షలో ఒక్క తప్పూ రాలేదు. మా సంతోషానికి అంతు లేదు. ఆ పరీక్ష ఫొటోలు కూడా అదే తోటలో, అదే చాపమీద, అదే రోజు తీసినవన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

జూలై చివర ఆ రైతు సోదరుడు వరండా మెట్ల దగ్గరకు వచ్చి, తోటలో కొన్ని దుబ్బుల్లో మొవ్వు నుంచి మూడో ఆకు, నాలుగో ఆకు పసుపు పచ్చబడుతున్నాయని చెప్పాడు. పిల్లవాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగెత్తాడు. మేమూ వెంట వెళ్లాము. ఆయన చూపిన ప్రతి ఆకుకూ యంత్రం "మంచిది" అన్నది, 95కు తగ్గకుండా శాతాలు చూపిస్తూ అన్నది. రైతు యంత్రం వైపు చూడలేదు. మా వైపు చూశాడు. "బాగానే ఉందంటోంది, కంగారుపడకండి" అన్నాము.

3 వారాల తరువాత ఆయనే ఒక గడను నిలువునా చీల్చి తెచ్చి మా ముందు పెట్టాడు. లోపల ఎర్రగా కుళ్ళి, ఆ ఎరుపుకు అడ్డంగా తెల్లటి మచ్చలున్నాయి. పులిసిన వాసన వస్తున్నది. మధ్యలో కురిసిన వానలకు నీటితో పాటు తెగులు పక్క దుబ్బులకూ పాకింది.

"సాయిబుగారూ, నా కళ్లకి పసుపు కనబడతానే ఉందండి. మీరు బాగుందన్నారని నా కళ్లనే కాదనుకున్నాను."

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆ సాయంత్రం పిల్లవాడు వరండాలో కూర్చుని కారణం వెతకసాగాడు. తోట నుంచి తెచ్చిన ఒక పచ్చని మంచి ఆకును చాపమీద పెట్టి చూపాడు. "తెగులు" అన్నది యంత్రం. అదే ఆకును చేత్తో పైకెత్తి తోట వైపు పట్టుకుని చూపాడు. "మంచిది" అన్నది. తరువాత ఆకును తీసివేసి ఉత్త చాపను చూపాడు. 98 శాతం తెగులు! పిల్లలు నవ్వినది అప్పుడే.

మాకు విషయం బోధపడింది. మేము ఆకులు చూపుతున్నామనుకున్నాము. యంత్రం చాపను నేర్చుకుంది. తెగులు కుప్పలోని ప్రతి ఫొటోలోనూ చాప ఉంది, మంచి కుప్పలో ఒక్కదానిలోనూ లేదు. రెండు కుప్పలకూ అంతకంటే సులువైన తేడా మరొకటి లేదు. ఆకు ఈనెమీద సన్నని ఎర్రమచ్చను వెతకవలసిన అవసరం దానికి ఎందుకు కలుగుతుంది? అది మేమిచ్చిన పాఠాన్ని తప్పులేకుండా అప్పజెప్పింది. తప్పు పాఠంలోనే ఉంది.

ఇది మా వంటి తెలియనివారికే జరిగిందేమో అనుకున్నాము. పిల్లవాని పాఠశాల ఉపాధ్యాయులు ఒకరు పెద్ద పండితులకూ జరిగిందని చెప్పారు. ప్లాంట్‌విలేజ్ అనే ప్రసిద్ధ సంకలనంలో 14 పంటలకు చెందిన 54,306 ఆకుల ఫొటోలున్నాయి. ఒక్కొక్క ఆకునూ కోసి, సాదా నేపథ్యం మీద పెట్టి తీసినవవి. 2016లో వాటితో నేర్పిన యంత్రం అదే సంకలనంలో పక్కన పెట్టిన ఫొటోలను 99.35 శాతం సరిగా గుర్తించింది. వేరేచోట్ల, వేరే పరిస్థితులలో తీసిన ఫొటోలు చూపగా అది సుమారు 31 శాతానికి పడిపోయింది. ఆ సంగతిని ఆ పరిశోధకులే దాచకుండా రాశారు. తరువాత 2022లో మరొక పరిశోధకుడు ఆ ఫొటోలలో ఆకును పూర్తిగా వదిలివేసి, నేపథ్యంలోని 8 చుక్కల రంగును మాత్రమే యంత్రానికి ఇచ్చి చూస్తే, అది 38 రకాలలో సరైన దానిని 49 శాతం మేర చెప్పగలిగింది. ఆకును చూడకుండానే తెగులు పేరు చెప్పింది! వారి సంకలనంలోనూ ఒక చాప ఉన్నదన్నమాట.

ఆ రాత్రి ఇషా తరువాత మాకు పాత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. చాలా ఏళ్ల క్రితం మా మద్రసాకు అతిథిగా వచ్చిన ఒక ఖారీ సాహెబ్ పిల్లల పఠనం విని, "మీ పిల్లలందరూ ఈ ఆయతు మధ్యలో ఆగుతున్నారేమిటి? ఇది వఖ్ఫ్ చేయవలసిన చోటు కాదే" అని అడిగారు. ఆలోచిస్తే కారణం మేమే. ఆ రోజుల్లో మాకు ఉబ్బసం ఎక్కువగా ఉండేది. అక్కడికి వచ్చేసరికి ఊపిరి అందక ఆగేవారము. మేము అక్షరాలు నేర్పుతున్నామనుకున్నాము. పిల్లలు అక్షరాలతో పాటు మా ఆయాసాన్నీ భద్రంగా నేర్చుకున్నారు. దాన్ని మాన్పించడానికి నెలలు పట్టింది.

నేర్చుకునేవారు మనం చెప్పదలచిన దాన్ని మాత్రమే నేర్చుకోరు, మన దగ్గర కనబడిన దాన్నంతా నేర్చుకుంటారు. పిల్లల విషయంలో ఇది తెలిసి కూడా యంత్రం విషయంలో మరచిపోయాము.

మరొక విషయం మమ్మల్ని అంతకంటే ఎక్కువగా బాధించింది. హదీసు శాస్త్రంలో ఉల్లేఖకుణ్ణి రెండు విధాలుగా పరీక్షిస్తారని మేము పాతికేళ్లుగా పాఠం చెబుతున్నాము. ఒకటి అదాలత్, అంటే నడవడిలో నీతి. రెండవది జబ్త్, అంటే విన్నదాన్ని విన్నట్టుగా భద్రపరచగల శక్తి. మనిషి ఎంత పుణ్యాత్ముడైనా జబ్త్ లేకపోతే అతని ఉల్లేఖనాన్ని ముహద్దిసులు బలహీనమైనదిగానే లెక్కించారు. గౌరవం వేరు, సాక్ష్యం వేరు. ఒక ఫొటోను తీసుకుని "ఇది తెగులు" అని పేరు పెట్టడం కూడా సాక్ష్యమే. రైతు మా గడ్డాన్ని, మా నమాజును చూసి నమ్మాడు. చెరకు విషయంలో మా జబ్త్ ఏపాటిదో ఆయన అడగలేదు. మేమూ చెప్పలేదు. తెలియని దాని వెంట పోవద్దని, వినికిడిని, చూపును, హృదయాన్ని గురించి ప్రశ్నించడం జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరిస్తున్నది. ఆ ఆయతును పిల్లల చేత కంఠస్థం చేయించిన నోటితోనే మేము "ఇవీ తెగులువే" అన్నాము.

మరునాడు రైతు సోదరుని ఇంటికి వెళ్లాము. పొరపాటు యంత్రానిది కాదని, మాదేనని చెప్పి, నష్టంలో కొంత భాగం భరిస్తామన్నాము. ఆయన తల అడ్డంగా ఊపాడు. "డబ్బులెందుకండీ. తెగులు దుబ్బులన్నీ తవ్వి తగలబెట్టాలి. మనుషులు దొరకటం లేదు. పిల్లల్ని రెండు పూటలు పంపండి చాలు."

శుక్రవారం మద్రసాకు సెలవు. తల్లిదండ్రులను అడిగి పెద్ద పిల్లలను తీసుకుని వెళ్లాము. పలుగు పట్టి చాలా ఏళ్లయిన మా చేతులకూ ఆ రోజు పని దొరికింది. ఒక దుబ్బు తవ్వబోతుండగా ఆ పిల్లవాడు ఆగి, "హజ్రత్, తగలబెట్టే ముందు వీటిని ఫొటో తీసుకుందామా?" అని అడిగాడు. మేము జవాబివ్వక ముందే రైతు అన్నాడు: "తియ్యి బాబూ. ఈసారి గడ చీల్చి చూశాకే పేరు పెట్టు."

రెండవసారి పాఠం అలా మొదలైంది. ఆ పద్ధతి రైతుదే. మంచి ఆకులూ తెగులు ఆకులూ ఒకే తోటలో, ఒకే వెలుతురులో, నిలబడి ఉన్న మొక్క మీదనే తీయాలి. తీసిన తరువాత గడను చీల్చాలి. లోపలి ఎరుపు కనబడితేనే తెగులు కుప్పలో వేయాలి. చీల్చినా తేలనివాటికి మూడవ కుప్ప పెట్టాము. దాని పేరు "తెలియదు". మొత్తం 186 ఫొటోలలో 31 ఆ కుప్పలోకే వెళ్లాయి. ఆ కుప్ప లేకపోవడమే మా మొదటి తప్పు అని ఇప్పుడు అనిపిస్తున్నది. 4 ఫొటోలలో దూరంగా పనిచేస్తున్న రైతు కుటుంబంలోని ఆడపిల్ల కనిపించింది. ఆ 4 ఫొటోలను పిల్లవాని చేత అప్పటికప్పుడే తీసివేయించాము. ఆకు కోసం ఆయన మనల్ని తోటలోకి రానిచ్చాడు. ఇంటివారి ముఖాలు మన వద్ద ఉండటానికి కాదు. అది అమానతు.

పరీక్ష కూడా ఈసారి వేరే తోటలో పెట్టాము. దారికి అవతల ఉన్న మరొక రైతు అనుమతితో 40 ఆకులు చూపించి, ఆ గడలను చీల్చి చూశాము. యంత్రం 29 సరిగా చెప్పింది, 11 తప్పు చెప్పింది. ఆ 11లో 4 గడలు లోపల కుళ్ళినవి, వాటిని మంచివన్నది. మొదటిసారి ఒక్క తప్పూ లేని యంత్రం మాకు సంతోషాన్నిచ్చి రైతును ముంచింది. ఈసారి యంత్రం నలభైలో పదకొండు తప్పింది. కానీ దానిని ఎంతవరకు నమ్మాలో మాకు తెలిసింది. పిల్లవాడు ఆ లెక్కను కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ మూతకు అంటించాడు. దాని కింద మేము ఒక నియమం రాయించాము: యంత్రం తెగులు అంటే గడ చీల్చి చూడాలి, మంచిది అన్నా రైతు కంటికి అనుమానం ఉంటే చీల్చే చూడాలి. అంతకు మించి సందేహం ఉంటే పరిశోధన కేంద్రానికి ఆకును తీసుకుని వెళ్లాలి.

"అలాగైతే ఈ యంత్రం దేనికి హజ్రత్?" అని ఒక చిన్నవాడు అడిగాడు. జవాబు ఆ తొమ్మిదవ తరగతి పిల్లవాడే చెప్పాడు. ఇప్పుడు తను తోటలో నడుస్తూనే ఈనెమీది ఎర్రమచ్చను పోల్చుకోగలడట. 186 ఫొటోలు తీసి, ఒక్కొక్క గడా చీల్చి, పేరు పెట్టడంలో యంత్రం కంటే ముందు అతని కన్నే నేర్చుకుంది. మేము పరీక్షించాము కూడా. అవే 40 ఆకులలో అతను 34 సరిగా చెప్పాడు.

సోదర సోదరీమణులారా, మీ పిల్లలు ఫోనులోనో కంప్యూటరులోనో ఇటువంటి పని చేస్తుంటే వద్దని కసరకండి, మహా విద్య అని మురిసి ఊరుకోకండి. పక్కన కూర్చుని 3 ప్రశ్నలు అడగండి. ఈ ఫొటోలకు పేర్లు పెట్టినది ఎవరు, వారికి ఆ విషయం తెలుసా? రెండు కుప్పలకూ మధ్య మనకు కనబడని చాప ఏదైనా ఉన్నదా? దీని మాట తప్పితే నష్టపోయేది ఎవరు? ఈ మూడవ ప్రశ్నను మేము ముందుగా అడిగి ఉండవలసినది.

ఆ రైతు సోదరుడు ఆ మడిలో కార్శి వదలకుండా వరి వేయాలని నిర్ణయించుకున్నాడు. ఎర్రకుళ్ళు వచ్చిన నేలలో వెంటనే మళ్లీ చెరకు ఉంచకూడదు. మిగిలిన చెరకు నరికి బెల్లం వండాడు. ఈసారి తక్కువే వచ్చింది. అయినా రంజాన్‌లో ఒక సాయంత్రం అస్ర్ తరువాత వరండాలో బెల్లం దిమ్మ కనిపించింది. ఎప్పటి కంటే చిన్నది. ఎప్పటిలాగే దాన్ని చాపమీద పెట్టి, ఆయన చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు ఇఫ్తార్ వేళ దానిని పిల్లలకు పంచాము. మా వంతు ముక్కను నోట పెట్టుకునేందుకు మాకు కొంత సమయం పట్టింది.

తెలియని దాన్ని తెలియదని చెప్పగల ధైర్యాన్ని, మన మాటను నమ్మినవారి పట్ల భయభక్తులను అల్లాహ్ మాకూ మీకూ ప్రసాదించుగాక. ఆమీన్.